నాలుగో జవాబు

ప్రియమైన నీకు,

ఇక్కడ అంతా క్షేమం. నువ్వు అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. వారంగా వాన. వెనక గది కిటికీ చెక్క ఉబ్బి మూతపడకపోతే చిత్రిక పట్టించాను. గాలి రాకుండా అంచుకి గుడ్డ కూడా దూర్చాను. డిపోలో కొత్త కలప దిగింది. మీ తమ్ముడు తన ఆటల పెట్టె తెచ్చి మన ముందుగదిలో పెట్టి వెళ్ళాడు. ఎందుకని నేను అడగలేదు.

నువ్వు ఫోనులో అడిగిన సంగతి. అక్కడే ఉండిపోవడమా, తిరిగి రావడమా అన్నది నీ ఇష్టం.

ఇంతకంటే విశేషాలు లేవు.

ఇట్లు,
నీ భర్త

*

ప్రియమైన ఊఁగారికి,

కోపం తెచ్చుకోకండి, ఇకమీదట మీ పేరు ఇదే. ఫోనులో నేను పది మాటలంటే మీరు ఒక ‘ఊఁ’ అంటారు. లైను తెగిందేమోనని ‘ఉన్నారా?’ అంటాను. దానికీ ‘ఊఁ’యే. అందుకే కదా ఉత్తరాలు రాసుకుందామన్నాను! ‘ఊఁ’ అని కాగితం మీద రాసి పోస్టులో వేయలేరు కదా అని నా ధైర్యం. మీరు దాదాపు ఆ పనీ చేశారు. కిటికీ చెక్కకి రెండు వాక్యాలు, నాకు ఒక్కటి! ఆ కిటికీకి ఉన్న అదృష్టం నాకు లేకపోయింది.

సరే, నా సంగతులు వినండి. నేను ఈ కొండమీది ఆసుపత్రికి వచ్చినప్పుడు రేకుల షెడ్డు, ప్లాస్టర్ బస్తాలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు గోడ నిండా మేం చేసిన కృత్రిమ కాళ్ళు వేలాడుతున్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే హడలిపోతారు. నేను పని నేర్పిన అమ్మాయిలు అచ్చు తీయడంలో నాకే వంకలు పెడుతున్నారు. ఎంత గర్వంగా ఉందో!

మొన్న ఒక లారీ డ్రైవరుకి మోకాలి కింద కొత్త కాలు అమర్చాను. రెండు పక్కలా కమ్మీలు పట్టుకుని నడవమంటే నడిచాడు. ‘ఎక్కడైనా నొక్కుతోందా?’ అంటే, ‘లేదమ్మా, బ్రహ్మాండంగా ఉంది’ అన్నాడు. సాయంత్రం విప్పి చూస్తే చర్మం కమిలిపోయి ఉంది. ‘ఏంటయ్యా ఇది, చెప్పొద్దూ?’ అన్నాను. ‘మీరు అంత కష్టపడి చేశారు. బాలేదని ఎలా చెప్పనమ్మా?’ అంటాడు! ‘నాయనా, ఎక్కడ నొక్కుతోందో నువ్వు చెబితేనే అక్కడ నేను అరగదీస్తాను. నీ కాల్లోకి నేను దూరి చూడలేను కదా!’ అని కేకలేశాను. కేకలేస్తుంటే ఎందుకో మీరు గుర్తొచ్చారు.

పెద్ద డాక్టరుగారు మళ్ళీ అడిగారు. ఏడాదికని వచ్చాను, అది అయిపోవస్తోంది. ఉంటానంటే షెడ్డంతా నా చేతిలో పెడతారట. ఇంకో మూడేళ్ళకి సంతకం చేయాలి. చలి ముదిరేలోగా ఏదో ఒకటి చెప్పాలి. నా ఇష్టం నాకు తెలుసండీ. నేనడిగింది మీది.

ఇక మా తమ్ముడి వీడియో ఆటల పెట్టె. ‘ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి’ అని మా మరదలు తేల్చేసిందట. వాడు పెట్టెని మనింటికి చేర్చి సంసారం నిలబెట్టుకున్నాడు. మీకు రాయడానికి విశేషాలు లేవంటారు కదా, ఆ ఆట ఆడండి. ఏం బాగుందో, ఏం బాలేదో నాకు రాయండి. జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు. అదైతే మీకు వెన్నతో పెట్టిన విద్య. ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే డిపో లెక్కలన్నీ పట్టినవారు, ఇదొక లెక్కా?

మీ
వాగుడుకాయ

*

ప్రియమైన నీకు,

చెప్పావు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం మీ తమ్ముడు వచ్చి పెట్టెని టీవీకి తగిలించాడు. ఆట పేరు ‘చివరి దివిటీ’. వందలమంది ఏళ్ళ తరబడి పనిచేసి, పెద్ద సినిమాలకి పోసేదానికంటే ఎక్కువ డబ్బు పోసి తయారుచేశారట. అంత పోస్తే ఏదైనా బాగానే ఉంటుందిలే అనుకుంటూ కూర్చున్నాను. ఆ అభిప్రాయం తప్పు. డబ్బుతో వచ్చేవి వేరు, శ్రద్ధతో వచ్చేవి వేరు.

కథ ఇది. సూర్యుడు మసకబారిపోతున్న రాజ్యం. దాని సరిహద్దు చుట్టూ ఏడు కోటలు, వాటి మీద దీపాలు ఆరిపోయాయి. మిగిలిన ఒక్క దివిటీని పట్టుకుని ఒక మనిషి వాటిని వెలిగించడానికి బయలుదేరతాడు. అతన్ని మనం నడిపించాలి. దారిలో ఎదురైనవాటిని కొట్టాలి, కాచుకోవాలి, తప్పుకోవాలి.

మొదటి రేవు దగ్గరే ఒక రాక్షసుడు నన్ను చంపాడు. లేచి వెళితే మళ్ళీ చంపాడు. మీ తమ్ముడు సోఫాలో దొర్లి నవ్వాడు.

‘బావగారూ, అది మీ డిపోలో దుంగ కాదు ఎదురుగా నిలబడి కొలతలు తీసుకోడానికి! పక్కకి దూకండి!’

నేను దూకకుండా చూశాను. గద ఎత్తే ముందు వాడి ఎడమ భుజం కొంచెం కిందికి వాలుతుంది. ప్రతిసారీ వాలుతుంది. అంటే వాడు నన్ను మోసం చేసి చంపలేదు, ముందే చెప్పి చంపాడు. చూసుకోకపోవడం నా తప్పు. అందువల్ల ఎన్నిసార్లు చచ్చినా కోపం రాలేదు. చివరికి వాడు పడిపోయినప్పుడు నేను లేచి నిలబడ్డానని మీ తమ్ముడు అంటాడు. నాకు గుర్తులేదు.

ఆటలోనే ఒక ఇంట్లోకి వెళ్ళాము. ‘ఆ కుండ పగలగొట్టండి, లోపల నాణేలుంటాయి’ అన్నాడు.

‘ఎవరిది?’

‘ఎవరిదీ కాదు బావగారూ, ఆట!’

‘ఎవరో నీళ్ళు పట్టుకున్న కుండ అది’ అన్నాను. పగలగొట్టలేదు.

జమ వైపు ఇంకా రాయవలసినవి. వాన రేకుల మీద ఒకలా, పెంకుల మీద ఒకలా, గడ్డి కప్పు మీద ఒకలా వినబడుతుంది. కళ్ళు మూసుకుని కూడా ఏ ఇంటి కింద ఉన్నామో చెప్పవచ్చు. నీళ్ళలోంచి బయటికి రాగానే గుర్రం ఒళ్ళు విదిలించుకుంటుంది. అలా చేయించమని ఎవరూ అడిగి ఉండరు. ఎవరో గుర్రాన్ని బాగా చూసినవాడు పెట్టి ఉంటాడు.

ఖర్చు వైపు: అక్షరాలు మరీ చిన్నవి. డిపోలో పాత రసీదులు చదివే భూతద్దం తెచ్చుకుని చదివాను.

చలికాలం వస్తోంది. జాగ్రత్త. ఉండే విషయం నీ ఇష్టం.

ఇట్లు,
నీ భర్త

*

ప్రియమైన ఊఁగారికి,

ఎడమ భుజం! మన ఎదురింటాయన మీసం తీసేస్తే నెల్లాళ్ళకి గానీ గమనించని మీరు రాక్షసుడి ఎడమ భుజం కనిపెట్టారు! మీ ఉత్తరం మా అమ్మాయిలకి చదివి వినిపించాను. కుండ దగ్గర అందరూ నవ్వారు. ఒకమ్మాయి మాత్రం ‘మీ ఆయన చాలా మంచోరు మేడమ్’ అంది. ‘ఆ సంగతి ఆయన నోటితో తప్ప అన్నిటితోనూ చెబుతారు’ అన్నాను.

నిన్న ఒక పార్సిల్ వచ్చింది. విప్పితే అరగదీసే ఆకురాళ్ళు. గుండ్రనివి, చదునైనవి, అన్నీ నేను ఇక్కడ దొరకడం లేదని ఎప్పుడో అన్న రకాలే. అటూ ఇటూ తిప్పి, చుట్టిన కాగితం కూడా విప్పి చూశాను. ఒక్క చీటీ లేదు. పంపినవారి చోట డిపో ముద్ర. నాకు మీరు కాదు, కలప డిపో సామాను పంపినట్టుంది.

డ్రైవరు ఇప్పుడు కమ్మీలు వదిలేసి నడుస్తున్నాడు. ఎక్కడ నొక్కినా అరుస్తున్నాడు. అరవడం నేర్పాక పని ఎంత తేలికయిందో!

ఆ ఆటలో మీరు ఒక్కరే తిరుగుతారా, తోడెవరైనా ఉంటారా? ఇంట్లో ఎలాగూ ఒక్కరే. అక్కడైనా ఎవరో ఒకరుంటే బాగుండును.

‘నీ ఇష్టం’ అని మళ్ళీ రాశారు. చదివాను.

మీ
వాగుడుకాయ

*

ప్రియమైన నీకు,

తోడు ఉంది. రెండో కోట దగ్గర ఈటె పట్టుకున్న ఒక ఆవిడ కలిసింది. ఆమెకి ఆటలో పొడుగాటి పేరేదో ఉంది, నోరు తిరగడం లేదు. మీ తమ్ముడు ఈటెమ్మ అంటాడు. నేనూ అదే రాస్తున్నాను.

ముందు ఖర్చులు రాసేస్తాను. ఊరు ఊరుకీ ఎవడో ఒకడు నిలబడి ఉంటాడు. మేక తప్పిపోయిందంటాడు, మూలిక తెచ్చిపెట్టమంటాడు. అవతల సూర్యుడు ఆరిపోతుంటే ఇవతల నేను మేకని వెతకాలి. ఆట పెద్దదని చెప్పుకోవడానికి అతికించిన పనులివి. వీటివల్ల అసలు భయం పలచబడిపోతుంది. మూడు ఊళ్ళలో కొట్టువాళ్ళది ఒకే ముఖం. అన్నదమ్ములేమో అనుకున్నాను. ఒక బావి దగ్గర బొక్కెన తాడు లేకుండా గాలిలో వేలాడుతోంది. అన్నిటికంటే పెద్ద లోపం, మన వెనకనుంచి ఆటని చూపించే కెమెరా కన్ను. ఇరుకు గదిలో అది గోడలో ఇరుక్కుపోతుంది. అప్పుడు మనకి రాక్షసుడు కనబడడు, గోడ కనబడుతుంది. అలా చచ్చిన చావులు నా ఖాతాలో వేసుకోను.

ఇవన్నీ ఉన్నా మానబుద్ధి కావడం లేదు. ఒక గనిలో చాలాసేపు చీకట్లో తడుముకుంటూ నడిచి, మలుపు తిరగగానే ఒక్కసారిగా లోయ బయటపడింది. అడుగున ఏరు, దాని మీద పోతున్న మేఘం నీడ. చేతిలోని ఆట రిమోటు కింద పెట్టి చూస్తూ ఉండిపోయాను. టీ చల్లారిపోయింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు, అటు చూడమని బాణం గుర్తు కూడా పెట్టలేదు. చూసేవాడు చూస్తాడని నమ్మి వదిలేశారు. ఆ నమ్మకం నాకు చాలా నచ్చింది.

ఈటెమ్మ బాగా పోరాడుతుంది, బాగా మాట్లాడుతుంది. మజిలీలో నెగడు వేసుకుని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒకటి చెబుతుంది. వాళ్ళ ఊరి కనుమలో గాలికి దానంతటదే మోగే గంట ఉందట. చిన్నప్పుడు ఆ గంట విని మంచు ఎటునుంచి వస్తుందో చెప్పేదట. చెప్పి, చివర్లో నన్ను ఒక ప్రశ్న అడుగుతుంది. మొన్న ‘ఈ దారిలో నేను నీకు బరువా, తోడా?’ అని అడిగింది. టీవీ మీద నాలుగు జవాబులు వస్తాయి. ఒకటి నొక్కాలి. మొదటిది, ‘నువ్వు లేకపోతే ఈ దారి నడవలేను.’ రెండోది, ‘నీవల్లే ఆలస్యమవుతోంది.’ మూడోది, ‘బరువే, అందుకే నాకు కండలు పెరుగుతున్నాయి.’ నాలుగోది, ‘మౌనంగా ఉండు.’

మొదటిది మరీ నాటకంలా ఉంది. రెండోది అబద్ధం. మూడోది వేళాకోళం. నాలుగోదే మర్యాదగా అనిపించింది. ఎప్పుడూ అదే నొక్కుతున్నాను. అర్థం చేసుకునే మనిషిలాగే ఉంది.

ఉన్ని చేతి తొడుగులు పంపాను. ఉండే విషయం, నీ ఇష్టం.

ఇట్లు,
నీ భర్త

*

ప్రియమైన ఊఁగారికి,

చేతి తొడుగులు వచ్చాయి. చీటీ లేదు. నేను వెతకడం మానేశాను.

నెగడు దగ్గర సంగతి రెండుసార్లు చదివాను. నాలుగోదాన్ని మర్యాద అన్నారు. ఒక్క మాట అడుగుతాను. మీరు నాలుగోది నొక్కాక ఆమె ముఖం ఎలా ఉంటుంది? అంత డబ్బు పోసి చేసిన ఆట, అది కూడా చూపిస్తారనుకుంటా. రాక్షసుడి భుజం చూసినవారు, ఆ ముఖం చూశారా?

ఇక్కడ మంచు మొదలైంది. డాక్టరుగారు ‘ఏమ్మా, మీవారేమన్నారు?’ అన్నారు. ‘ఆలోచిస్తున్నారండీ’ అని అబద్ధం చెప్పాను. మీరు ఆలోచిస్తున్నారా? మిమ్మల్ని ‘ఉండు’ అనమనడం లేదు, ‘రా’ అనమనడం లేదు. నేను లేకపోవడం మీకు తెలుస్తోందా, లేదా? అంతే నాకు కావలసింది. అది తెలిస్తే మిగతాది నేను తేల్చుకోగలను.

మీ
వాగుడుకాయ

*

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం వచ్చేసరికే ఇక్కడ ఒక సంగతి జరిగింది. ముందు అది రాయకపోతే మరొకటి రాయలేను.

ఈటెమ్మ వెళ్ళిపోయింది.

అయిదో కోట దీపం వెలిగించి తిరిగి వస్తున్నాము. రాతి వంతెన మధ్యలో ఆగింది. నేను ఆమెకి ఇచ్చినవన్నీ, డాలు, కవచం, తోలు చెప్పులు, ఒక్కొక్కటే తీసి గోడ మీద పేర్చింది. ‘ఇంత దూరం నీతో నడిచాను. నేను పక్కన ఉన్నా, లేకపోయినా నీకు ఒకటేనని ఇప్పటికి తెలిసింది’ అంది. ఈసారి జవాబులు రాలేదు. నొక్కడానికి ఏమీ లేదు. మంచులోకి నడిచి వెళ్ళిపోయింది.

మీ తమ్ముడికి కబురు చేస్తే పరిగెత్తుకొచ్చాడు.

‘నెగడు దగ్గర ఏం నొక్కారు?’

‘నాలుగోది.’

‘ప్రతిసారీనా? బావగారూ, దాన్ని ఎవరైనా నొక్కుతారా! అది పెట్టిందే ఎవరూ నొక్కరని!’

వెనక్కి వెళ్ళి సరిదిద్దుకునే వీలు ఈ ఆటలో లేదు. జరిగింది జరిగినట్టే. ఆ పద్ధతి మంచిదేనని ఇంతకుముందు అనుకున్నాను.

నేను జమలో ఎన్ని రాసినా, ఈ ఒక్క ఖర్చు వాటన్నిటినీ తినేస్తుంది. ఎందుకో చెబుతాను. నాకు దొరికిన మంచి డాలు నేను పెట్టుకోలేదు, ఆమెకి ఇచ్చాను. నాది చిల్లుపడిందే ఉంచుకున్నాను. దెబ్బ తగిలితే మందు ముందు ఆమెకే పోశాను. గుర్రం ఒక్కటే ఉన్నప్పుడు ఆమెని ఎక్కించి నేను వానలో నడిచాను. నడిస్తే దారి రెండింతలవుతుందని మీ తమ్ముడు నెత్తీనోరూ కొట్టుకున్నా నడిచాను. గుర్రం ఒళ్ళు విదిలించడం చూసినవాళ్ళు, వానకి మూడు రకాల చప్పుళ్ళు పెట్టినవాళ్ళు, ఇది చూడలేకపోయారు. చేసినవేవీ లెక్కలోకి తీసుకోలేదు. అననివి మాత్రమే లెక్కపెట్టారు. ఇంత గొప్ప ఆటలో ఇంత పెద్ద లోపం ఉండకూడదు. ఇది అన్యాయం.

ఆమె ముఖం ఎలా ఉంటుందని అడిగావు. నాలుగోది నొక్కాక నిప్పు వైపు తిరుగుతుంది. పుల్లతో కాసేపు కదుపుతుంది. నేను చూశాను. నిప్పు సరిచేస్తోందనుకున్నాను.

ఇట్లు,
నీ భర్త

*

ఊఁగారికి,

ఉత్తరం అందింది. నాలుగు పేజీలు. పెళ్ళయినప్పటినుంచి మీరు ఇంత బాధపడి నాకు రాసింది ఇదే మొదలు. అదీ ఇంకొకావిడ గురించి. నేను అడిగినదానికి అందులో జవాబు లేదు.

ఆట చేసినవాళ్ళు తప్పు చేశారని నేననుకోను. మీరిచ్చిన డాలు ఆమె చూడకపోలేదు. మీరు వానలో నడిచారని ఆమెకి తెలుసు. తెలుసు కాబట్టే అన్నిసార్లు అడిగింది. ఏమీ పట్టనివాణ్ణి ఎవరూ అన్నిసార్లు అడగరు.

సోమవారం పొద్దున సంతకం. ఇంక మిమ్మల్ని అడగను.

ఆకురాళ్ళు బాగా పనిచేస్తున్నాయి.

ఇట్లు,
మీ భార్య

*

ప్రియమైన వాగుడుకాయకి,

ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. సోమవారంలోగా పోస్టు అందదు. అందుకని ఉత్తరంతో పాటు నేనే వచ్చాను. నీ గదిలో, నీ బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

బస్సు దిగి ముందు షెడ్డుకే వచ్చాను. కిటికీలోంచి కనబడ్డావు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక ముసలాయన కాలు సరిచేస్తున్నావు. ‘ఎక్కడ నొక్కుతోంది తాతా, ఇక్కడా? ఇక్కడా?’ అంటున్నావు. ఆయన చెప్పేదాకా కదిలేలా లేవు. నిన్ను పనిలో నేను ఎప్పుడూ చూడలేదు. లోపలికి రాబుద్ధి కాలేదు. ఎదురుగా నిలబడితే నాకు మళ్ళీ ఊఁ తప్ప రాదని కూడా భయం వేసింది. అందుకని ఇక్కడికి వచ్చాను. నీకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ తలుపు తీసి నన్ను కిందికీ పైకీ చూసి, ‘ఊఁగారా?’ అంది. ‘ఊఁ’ అన్నాను. తాళం చెవి ఇచ్చింది.

ముందు ఆట సంగతి ముగిస్తాను. అది చెప్పకపోతే రెండోది చెప్పడం నాకు చేతకాదు.

మీ తమ్ముడు ‘ఈటెమ్మ పోతే పోయింది బావగారూ, మంచుకోటలో విలుకాడు ఉంటాడు, ఆవిడకంటే గట్టివాడు, వాణ్ణి పెట్టుకోండి’ అన్నాడు. వద్దన్నాను. ఆమె ఎటు వెళ్ళిందో పటంలో గుర్తు లేదు. ఎవరిని అడిగినా ఈ ఏడు చలి ఎక్కువంటారు తప్ప ఏమీ చెప్పరు. అప్పుడు నెగడు దగ్గర ఆమె చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. నేను మాట్లాడలేదు గానీ, విన్నాను. కనుమ, గాలికి మోగే గంట. గుర్రాన్ని కొండల వైపు తిప్పి, గాలి వీచినప్పుడల్లా ఆపి, చెవి పెట్టి విన్నాను. ఒక చోట చాలా సన్నగా మోగింది.

నేను వింటానని ఆ ఆట చేసినవాళ్ళకి తెలుసు. విన్నవాడికి దారి దొరికేలా, విననివాడికి దొరకకుండా పెట్టారు. నేను చేసినవి వాళ్ళు చూడలేదని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ఖర్చు కొట్టేసి జమలో వేశాను. గోడలో ఇరుక్కునే కన్ను గురించి మాత్రం నా మాట మారదు.

ఆ కనుమలో ఈటెమ్మ ఊళ్ళోవాళ్ళకి ఈటె పట్టడం నేర్పుతోంది. నన్ను చూసి పాత ప్రశ్నే అడిగింది. బరువా, తోడా? అవే నాలుగు జవాబులు. నా బొటనవేలు అలవాటుగా నాలుగోదాని మీదికే వెళ్ళింది. వెనక్కి తీసి, మొదటిది నొక్కాను. నాటకంలా ఏమీ లేదు. నిజంలాగే ఉంది.

‘ఆలస్యంగా చెప్పావు. చెప్పావు, చాలు. కానీ నేను రాను. ఇక్కడ నాకు పని ఉంది’ అంది.

అప్పుడు ఆమె గుడిసె ముందు నేల మీద ఒక చిన్న వెలుగు కనబడింది. ఇక్కడ దివిటీ నాటవచ్చు అని రాసి ఉంది. మీ తమ్ముడు సోఫాలోంచి లేచిపోయాడు.

‘నొక్కకండి బావగారూ! నొక్కితే ఆట అయిపోతుంది! ఇంకా రెండు కోటలున్నాయి, అసలు రాక్షసుణ్ణి చూడనే లేదు!’

నొక్కాను. దివిటీ ఆ గుమ్మం ముందే నాటుకుంది. కనుమ అంతా వెలుగు పరుచుకుంది. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. గంట మోగింది. తర్వాత ఆట చేసినవాళ్ళ పేర్లు రావడం మొదలైంది. ‘ఇవెవరూ చదవరు, ఆపేయండి’ అన్నాడు. నేను చివరి పేరు దాకా చదివాను. వాన చప్పుడు ఒక్కటే చూసుకున్న మనిషి ఒకరున్నారు. ఒక గొప్ప వస్తువులో ఎంతమంది చేతులుంటాయో అప్పుడు తెలిసింది. నీ షెడ్డు గోడ మీది కాళ్ళు గుర్తొచ్చాయి. వాటి మీద పేర్లుండవు.

మర్నాడు డిపో షావుకారుగారికి పని మానేస్తానని చెప్పాను.

‘ఒక్క సెలవు అడిగి ఎరగవు, ఇప్పుడు ఏకంగా మానేస్తానంటావేంటయ్యా?’ అన్నారు.

‘మా ఆవిడ కొండమీద ఉందండీ.’

‘ఆ సంగతి ఏడాదిగా తెలుసుగా!’

‘నాకు ఇప్పుడే తెలిసిందండీ’ అన్నాను.

పెట్టె మీ తమ్ముడికి తిరిగి ఇచ్చేశాను. ‘మా ఆవిడ నన్ను చంపేస్తుంది బావగారూ’ అన్నాడు. ‘మాట్లాడి చూడు’ అన్నాను. నా నోట ఆ మాట విని పెట్టె చేజార్చబోయాడు.

ఇక నువ్వు అడిగినది. ఎక్కడ నొక్కుతోందో చెబితేనే అరగదీస్తానన్నావు. చెబుతున్నాను. ఇంట్లో అడుగుపెట్టగానే నొక్కుతుంది. టీకి రెండు కప్పులు దించి, ఒకటి మళ్ళీ పైన పెట్టేటప్పుడు నొక్కుతుంది. డిపోలో ఎవరైనా మంచి మాట అంటే, ఇంటికి వెళ్ళి నీకు చెప్పాలనుకుని, వీధి మలుపు దాకా వచ్చాక నొక్కుతుంది. చెప్పేది ఊఁ అనే అయినా, నువ్వు అడుగుతావు కదా. అడిగేవాళ్ళు లేరు.

ఆ వెనక గది కిటికీ దగ్గరే నువ్వు కూర్చుని జడ వేసుకుంటావు. అది మూతపడకపోతే, నువ్వు తిరిగి వచ్చేసరికి అక్కడ చెమ్మ పడుతుందని చిత్రిక పట్టించాను. ఆ ఉత్తరంలో నీ గురించి ఒక్క వాక్యమే ఉందన్నావు. కిటికీ గురించి రాసినవి కూడా నీ గురించే. ఆ సంగతి రాయాలని నాకు తోచలేదు.

సోమవారం సంతకం పెట్టు. నీ ఇష్టం అని అనడం లేదు. ఇది నా ఇష్టం. నువ్వు నీ షెడ్డులో ఉండాలి. నేను నీ దగ్గర ఉండాలి. కొండ కింద కోత మిల్లులో లెక్కలు చూడటానికి మనిషి కావాలని బోర్డు ఉంది. ఇస్తారో లేదో తెలియదు. రేపు వెళ్ళి నోరు విప్పి అడుగుతాను.

పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. రెండు కప్పులు దించాను.

నీ
ఊఁగారు

*

(అదే కాగితం అడుగున, పెన్సిలుతో)

ప్రియమైన ఊఁగారికి,

ఊఁ.

మీ
వాగుడుకాయ